ఇంటి గదిలో గీసిన ముఖాలు

(దామెర్ల రామారావు స్మృత్యర్థం భివండీ నార్పోలిలో తెలుగు కుటుంబాల సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



చిత్రకారుడు దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న, ఇరవై ఎనిమిదో ఏట, మశూచి సోకి కన్నుమూశారు. ఆయన పోయి నూరేళ్లు దాటింది. ఆయన స్మృతిలో ఒక ఉపన్యాసం గోదావరి ఒడ్డున కాక భివండీ మరమగ్గాల మధ్య జరగడంలో ఔచిత్యం ఉంది. గోదావరి గట్టున బొమ్మలు గీసిన ఆ కుర్రవాడు కళను శాస్త్రంగా నేర్చుకున్నది బొంబాయిలో. 1916లో ఆయన చేరిన సర్ జె.జె. కళాశాల ఇక్కడి నుంచి పూట ప్రయాణం కూడా కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నేత కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన ఈ మహానగరపు అంచుకే, విద్య వెతుక్కుంటూ తెలుగు చిత్రకారులూ వచ్చారు. రామారావు తర్వాత రెండు దశాబ్దాలకు కరీంనగర్ జిల్లా అన్నవరం నుంచి పాకాల తిరుమలరెడ్డి అదే కళాశాలకు వచ్చారు. తెలుగు ఆధునిక చిత్రకళ చరిత్రలో బొంబాయికి ఉన్న చోటు సామాన్యమైనది కాదు.

రామారావు పేరు తలచినప్పుడు మరో రెండు పేర్లు కూడా తలచాలి. ఆయన భార్య సత్యవాణి చిత్రకారిణి. ఆయన సోదరి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణి. రాజమండ్రిలో రామారావు పేరుతో ఉన్న చిత్రశాలలో ఆయన చిత్రాలతో పాటు వారి చిత్రాలూ ఉన్నాయి. ఈనాటి ప్రసంగం ఆ ఇద్దరి వైపు నడుస్తుంది. అయితే వారి దగ్గరికి చేరే దారి రష్యా మీదుగా, పీటర్స్‌బర్గ్ మీదుగా వెళ్తుంది. స్త్రీ కుంచె పట్టినప్పుడు సమాజం అడ్డుపెట్టే గడపలన్నీ ఆ నగరంలో ఒక శతాబ్దం పొడవునా తేదీలతో సహా కనిపిస్తాయి. రాజమండ్రిలో అవే గడపలు ఉన్నా, వాటిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

కాల్పనిక (రొమాంటిక్) యుగంలో స్త్రీలు గీసిన రూపచిత్రాలను కళాచరిత్ర చాలాకాలం చిన్న పనిగా లెక్కకట్టింది. ముఖం, భుజాలు, చేతిలో పువ్వో పుస్తకమో, వెనక గోడ. యుద్ధాలు లేవు, పురాణ ఘట్టాలు లేవు, పదిమంది పట్టే కాన్వాసు లేదు. ఈ చిన్నతనం చూపులోది కాదనీ, వారికి తెరిచిన గదిదనీ చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం. అంతేకాదు. ఆ గదిలోనే, ఆ ముఖం ముందే, వారు తమ కాలపు అతి పెద్ద కళా ప్రశ్నను ఎదుర్కొన్నారని కూడా చెప్పవలసి ఉంది.

*

పీటర్స్‌బర్గ్ నడిబొడ్డున, నేవా నది ఒడ్డున, గుర్రం మీద పీటర్ చక్రవర్తి కంచు విగ్రహం ఉంది. ఫ్రెంచి శిల్పి ఫాల్కోనే చేసినది. 1782లో ఆవిష్కరించారు. గుర్రం ఆయనది, కదలిక ఆయనది, కింద ఉన్న కొండంత రాయి ఊహ కూడా ఆయనదే. కానీ ఆ చక్రవర్తి ముఖం ఆయనది కాదు. ముఖం ఎన్నిసార్లు చేసినా రాణి కేథరిన్ మెప్పు పొందలేదు. చివరికి ఆ పని చేసింది ఆయన శిష్యురాలు మారీ ఆన్ కొల్లో. 1766లో గురువుతో కలిసి రష్యాలో అడుగుపెట్టేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. మరుసటి ఏడే ఇంపీరియల్ కళా అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. అంతకు ముందు ఆ అకాడమీలో ఏ స్త్రీకీ ఆ గౌరవం దక్కలేదు. రాణి ఆమెకు జీవితాంతం భృతి కూడా ఇచ్చింది. అయినా ఈనాడు ఆ విగ్రహం దగ్గర నిలబడి పీటర్ ఉత్తరీయపు మడతలో వెతికితే కనిపించే సంతకం ఫాల్కోనేది. ముఖం చేసిన మనిషి పేరు పుస్తకాల్లో వెతుక్కోవాలి.

తర్వాత వచ్చింది ఫ్రెంచి చిత్రకారిణి విజే లెబ్రన్. ఫ్రెంచి విప్లవం తరిమితే దేశాలు తిరిగి 1795లో పీటర్స్‌బర్గ్ చేరింది. ఆరేళ్లపాటు రష్యన్ కులీనుల ముఖాలను గీసింది. రాణి మనుమరాళ్లు అలెగ్జాండ్రా, ఎలీనాలను గ్రీకు తరహా తేలిక దుస్తుల్లో, చేతులు కనిపించేలా చిత్రించింది. రాణికి అది నచ్చలేదు. చిత్రకారిణి మళ్లీ కుంచె పట్టి ఇద్దరు పిల్లలకూ పొడవాటి చేతుల చొక్కాలు వేయవలసి వచ్చింది. రూపచిత్రం అంటే గీసేవారికీ కూర్చునేవారికీ మధ్య మాత్రమే జరిగే వ్యవహారం కాదనీ, డబ్బిచ్చేవారి కన్ను ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటుందనీ ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

1800లో ఆమెను అకాడమీ గౌరవ సభ్యురాలిగా ఎన్నుకుంది. అందుకు ప్రతిగా ఆమె తన రూపచిత్రాన్ని తానే గీసి అకాడమీకి ఇచ్చింది. అది ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఆ చిత్రంలో ఆమె నల్లని దుస్తుల్లో, సాదా తలపాగాతో, కాన్వాసు ముందు కూర్చుని ఉంటుంది. ఆ కాన్వాసు మీద అప్పుడప్పుడే ఆకారం దాలుస్తున్న ముఖం రాణి మరియా ఫ్యోదరోవ్నాది. ఇక్కడ కాసేపు ఆగాలి. సభ్యత్వం పొందిన స్త్రీ తనను తాను చూపించుకున్నది పనిలో ఉన్న మనిషిగా. అందంగా కూర్చున్న మనిషిగా కాదు. ఆమె గీస్తున్నది మరో స్త్రీని. ఆ మరో స్త్రీ కూడా చేతిపని తెలిసినదే: మరియా ఫ్యోదరోవ్నా రాయి మీద ముఖాలు చెక్కడం నేర్చుకుని, 1789లో అత్తగారు కేథరిన్‌ను మినర్వా దేవతగా చెక్కింది. ఆ చెక్కడానికి ఇంగ్లండులో పింగాణీ సామాను తయారుచేసే వెడ్జ్‌వుడ్ వారు ప్రతులు తీశారు. చిత్రకారిణి, ఆమె ముందు కూర్చున్న రాణి, ఇద్దరికీ తోడుగా ఒక విద్య. బయట రాజ్యాలు కూలుతున్న కాలంలో ఆ కాన్వాసు ఇద్దరు పనివాళ్ల భేటీని దాచిపెట్టింది.

రాణులకూ, విదేశాల నుంచి పేరు మోసుకొచ్చినవారికీ అకాడమీ తలుపు తెరుచుకుంది. సొంత దేశపు ఆడపిల్లకు మాత్రం చాలాకాలం తెరుచుకోలేదు. 1839లో పీటర్స్‌బర్గ్‌లో బయటివారి కోసం ఒక డ్రాయింగ్ బడి పెట్టారు. 1842లో అందులో స్త్రీలకు విడిగా తరగతులు మొదలయ్యాయి. ఎకతరీనా హిల్కోవా అనే చిత్రకారిణి 1855లో ఆ తరగతి గదినే చిత్రంగా వేసింది. ఆడవాళ్లు చదువుకుంటున్న గదిని, చదువుకున్న ఆడమనిషే గీసిన చిత్రం అది. ఇప్పుడు రష్యన్ మ్యూజియంలో ఉంది.

సోఫియా సుఖోవో-కోబిలినా కథ ఇంకా స్పష్టమైనది. 1825లో కులీన కుటుంబంలో పుట్టింది. అన్న అలెగ్జాండర్ పేరున్న నాటకకర్త, అక్క ఎవ్గేనియా నవలా రచయిత్రి. అకాడమీ తరగతుల్లో ఆడవారికి చోటు లేదు కాబట్టి సోఫియా ఎగోర్ మేయర్ అనే ప్రకృతి చిత్రకారుడి దగ్గర విడిగా నేర్చుకుంది. 1854లో అకాడమీ బంగారు పతకం ఆమెకు దక్కింది. రష్యాలో ఆ పతకం అందుకున్న మొదటి స్త్రీ ఆమె. ఆ సభను, తాను పతకం అందుకుంటున్న క్షణాన్ని ఆమె పెద్ద కాన్వాసు మీద చిత్రించింది. గొప్పలు చెప్పుకోవడంగా దీన్ని చూడటం పొరపాటు. అటువంటి దృశ్యం అంతకు ముందు ఆ హాలులో ఎవరూ చూడలేదు. తాను గీయకపోతే మరెవరూ గీయరని ఆమెకు తెలిసి ఉండాలి. 1867లో రోమ్‌లో, నలభై రెండేళ్లకే ఆమె చనిపోయింది.

*

స్త్రీలకు రూపచిత్రమే ఎందుకు మిగిలిందో తెలియాలంటే అకాడమీల పాఠక్రమం తెలియాలి. పదిహేడో శతాబ్దం నుంచే యూరప్ అకాడమీలు చిత్రాలకు ఒక అంతస్తుల వరస పెట్టాయి. చరిత్ర, పురాణ ఘట్టాలు పై మెట్టు. వాటి కింద రూపచిత్రాలు, దైనందిన దృశ్యాలు, ప్రకృతి, పళ్లూ పూలూ. పై మెట్టు ఎక్కాలంటే మనిషి శరీరం ఎముక నుంచి కండ దాకా తెలియాలి. అది తెలిసేది నగ్నంగా నిలబడ్డ మనిషిని ఎదురుగా పెట్టుకుని గీసే తరగతిలో. ఆ తరగతిలోకి ఆడవారికి ప్రవేశం లేదు.

1768లో లండన్ రాయల్ అకాడమీ స్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు: ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొద్దికాలానికే సభ్యులందరినీ కలిపి చిత్రకారుడు జోఫనీ ఒక పెద్ద చిత్రం వేశాడు. అందరూ నగ్న నమూనా చుట్టూ చేరి చర్చిస్తుంటారు. ఆ ఇద్దరు స్త్రీలు మాత్రం గదిలో లేరు. గోడకు వేలాడే రెండు రూపచిత్రాలుగా ఉన్నారు! సభ్యత్వం ఇచ్చి గోడకు తగిలించడం అంటే అదే. ఆ దేశంలో విద్యార్థినిగా మొదటి స్త్రీ అకాడమీ బడిలో చేరడానికి 1860 దాకా పట్టింది. పారిస్ ప్రభుత్వ కళాశాలలో 1897 దాకా. రష్యాలో 1870ల నుంచే తలుపు మెల్లగా తెరుచుకుంది. అమెరికన్ విదుషి లిండా నాక్లిన్ 1971లో ఒక వ్యాసంలో ఈ సంగతినంతా ఒకచోట చేర్చి, గొప్ప చిత్రకారిణులు ఎందుకు లేరన్న ప్రశ్నను ప్రతిభ మీది నుంచి బడుల మీదికి మళ్లించింది. అప్పటి నుంచి కళాచరిత్రను పాత పద్ధతిలో రాయడం ఎవరికీ సాధ్యం కాలేదు.

నమూనా తరగతి లేనివారికి ఇల్లే బడి అయింది. అక్క, తమ్ముడు, అత్తగారు, పసిపాప, ఇంటికి వచ్చే పక్కింటి ముసలమ్మ. వారిలో గంటసేపు కదలకుండా కూర్చునే ఓపిక ఎవరికి ఉంటే వారే నమూనా. సరిగ్గా ఆ సమయంలోనే యూరప్ కళలో ఒక మలుపు వచ్చింది. కాల్పనికోద్యమం మనిషి లోపలి లోకాన్ని కళ నడిబొడ్డుకు తెచ్చింది. రూపచిత్రంలో పతకాలూ పట్టు అంగీలూ వెనక్కి పోయి, కళ్లలోని నీడ, పెదవి అంచున ఆగిన మాట, ఏకాంతం ముందుకొచ్చాయి. రష్యాలో ఆ మార్పు తెచ్చినవారిలో ముఖ్యుడు ఓరెస్త్ కిప్రెన్‌స్కీ, ఒక దాసీ కొడుకు. 1827లో ఆయన గీసిన కవి పుష్కిన్ ముఖమే ఈనాటికీ ప్రపంచానికి తెలిసిన పుష్కిన్. మరో చిత్రకారుడు వసీలీ త్రోపినిన్ స్వయంగా ఒక ప్రభువుకు బానిస. 1823లో స్వేచ్ఛ దొరికింది. ఆ ఏడే ఆయన ‘లేసు అల్లే అమ్మాయి’ని గీశాడు, 1826లో ‘జరీ పని చేసే అమ్మాయి’ని గీశాడు. ఇద్దరు అమ్మాయిలూ పనిలో ఉండగానే తలెత్తి చూస్తారు. చేతులు సాధనాల మీదే ఉంటాయి. ఈ సభలో కూర్చున్నవారికి ఆ చూపును వివరించనక్కరలేదు. దారంతో పని చేస్తూ పిలుపు విని తలెత్తిన మనిషి చూపు ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంది.

బానిస కొడుకు, బానిస, ఆడపిల్ల: అకాడమీ ద్వారం దగ్గర ముగ్గురూ పరాయివారే. కాల్పనిక యుగపు రూపచిత్రం ఇంత లోతు పొందడం వెనక ఆ పరాయితనం ఉందని నమ్మడానికి బలమైన కారణాలున్నాయి. హోదా లేనివారికే ఎదుటి మనిషి ముఖంలో హోదా కాక మరేదో కనిపించింది. అందులోనూ స్త్రీలకు ఒక అదనపు సదుపాయం ఉంది. అంతరంగం పలికే చోటు ఇల్లే అయినప్పుడు, ఇల్లు దాటనివ్వని చిత్రకారిణి ఆ చోటులోనే ఉంది. యుగం కోరుకున్న వస్తువు ఆమె ఎదుటే కూర్చుని ఉంది. బహుమతులు మాత్రం ఇంకా పాత మెట్ల వరస ప్రకారమే పంచారు.

*

మన దేశంలో ఇదే కథ ఒక శతాబ్దం ఆలస్యంగా, మన పద్ధతిలో నడిచింది. రాజా రవివర్మ చిత్రాలు అచ్చుపడి తెలుగిళ్ల గోడలెక్కాయి. ఆయన చెల్లెలు మంగళాబాయి తంపురాట్టి కూడా నూనె రంగుల్లో నేర్పరి అని తెలిసిన ఇళ్లు తక్కువ. ఆమె అన్నగారి రూపచిత్రాన్ని గీసింది. దేశమంతటినీ గీసిన మనిషి ఒకసారి చెల్లెలి ఎదుట కూర్చున్నాడు. రూపచిత్ర చరిత్రలో ఈ స్థానాల మార్పిడికి ఇవ్వవలసిన విలువ ఇంకా ఇవ్వలేదు.

హైదరాబాదులో దారి వేరు. అక్కడ కుంచె కంటే కెమెరా ముందు నడిచింది. పరదా పాటించే స్త్రీల ఫొటోలు తీయడానికి రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచారు. ఒక ఆంగ్లేయ స్త్రీ, మిసెస్ కెన్నీ లెవిక్, దాన్ని నడిపింది. అక్కడ కూర్చునేదీ స్త్రీయే, చూసేదీ స్త్రీయే. నిజాం రాజ్యంలో వేలాది ముఖాలకు అద్దం తప్ప మరో సాక్ష్యం లేని రోజుల్లో అది చిన్న ఏర్పాటు కాదు.

రాజమండ్రికి ఈ విషయంలో ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో పక్కనే ఉన్న ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఊళ్లో నాలుగు దశాబ్దాలపాటు ఆడవారి చదువు మీద ఇళ్లలో, వీధుల్లో, పత్రికల్లో వాదాలు నడిచాయి. ఇంటి ఆడవాళ్లు రంగులు కలిపి కాగితం ముందు కూర్చోవడం వింతగా కాక సహజంగా కనిపించడానికి అటువంటి నేల కావాలి. దామెర్ల వారి ఇల్లు ఆ నేల మీదే ఉంది.

ఆ ఇంట్లో చిత్రకళ మొలకెత్తడానికి రెండో కారణం ఒక కళాశాల ప్రిన్సిపాలు. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో పనిచేశారు. కవి, చిత్రకారుడు. శిష్యులను ఇంటికి పిలిచి బొమ్మలు గీయించేవారు. అజంతా గుహలకు తీసుకువెళ్లారు. అడివి బాపిరాజు, రామారావు ఇద్దరూ ఆయన శిష్యులే. రామారావును బొంబాయి పంపించిందీ ఆయన ప్రోత్సాహమే. జె.జె. కళాశాలకూ అజంతాకూ పాత బంధం ఉంది. జాన్ గ్రిఫిత్స్ ఆధ్వర్యంలో ఆ కళాశాల విద్యార్థులే 1872 నుంచి పదమూడేళ్లపాటు అజంతా కుడ్యచిత్రాలకు నకళ్లు తీశారు. లండన్‌కు చేరిన ఆ నకళ్లలో ఎన్నో 1885లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. గీయడం ఒక పని, గీసినది నిలబెట్టడం మరొక పని అనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

రామారావు 1920లో చదువు ముగించి, దేశం తిరిగి రాజమండ్రికి వచ్చారు. ‘ఋష్యశృంగుని వశీకరణ’కు 1922లో కలకత్తాలో బహుమతి వచ్చింది. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ ఆ రెండు మూడేళ్ల పంటే. 1923లో రాజమండ్రిలో మిత్రులతో కలిసి భారతీయ చిత్రకళకు ఒక ఆంధ్ర సంఘాన్ని, దానికి అనుబంధంగా చిత్రకళా బడిని నెలకొల్పారు. ఆ కాలం తెలుగులో భావకవిత్వపు కాలం. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ అచ్చయిన 1925లోనే రామారావు వెళ్లిపోయారు. మన భాషకు కాల్పనిక యుగం అంటే అదే. ఆ యుగపు కవిత్వం స్త్రీని ఊహగా, ఊర్వశిగా, అందని వెలుగుగా చూసింది. సరిగ్గా ఆ పదేళ్లలో రాజమండ్రిలో ఒక ఇంట్లో ఇద్దరు స్త్రీలు కుంచె చేతపట్టుకుని ఎదుటి మనిషిని చూస్తున్నారు. తెలుగు సాహిత్య చరిత్ర మొదటి దృశ్యాన్ని ఎన్నో పేజీల్లో రాసింది. రెండో దృశ్యాన్ని కూడా అదే యుగంలో భాగంగా రాయాలి.

సత్యవాణికీ బుచ్చికృష్ణమ్మకూ గురువు రామారావే. బడి వారి ఇల్లే. మంగళాబాయికి అన్నగారు, వీరికి రామారావు. ఇంటి మనిషి గురువు కావడంలో ఒక వరం ఉంది, ఒక చిక్కు ఉంది. వరం ఏమిటంటే, బయట ఏ బడీ చేర్చుకోని రోజుల్లో బొంబాయి పాఠం గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చిక్కు ఏమిటంటే, గురువు నీడ శిష్యురాలి సంతకం మీద పడుతుంది. చిత్రం బాగుంటే ఆయన దిద్దారంటారు, బాగా లేకుంటే ఆమెది అంటారు. గురువే అకాలంగా పోయినప్పుడు ఆ చిక్కు మరింత బిగుస్తుంది. రామారావు మరణం తర్వాత బడిని మిత్రుడు వరదా వెంకటరత్నం భుజాన వేసుకుని నడిపించారు. ఆయన సేవ లేకుంటే రాజమండ్రి శైలి అన్న మాటే ఉండేది కాదు. అదే సమయంలో ఇంట్లో ఉన్న చిత్రకారిణులకు ఒక బాధ్యత వచ్చి పడింది: తమ చిత్రాల కంటే ముందు, పోయిన మనిషి చిత్రాలను కాపాడటం. చిత్రకారుల భార్యలూ అక్కచెల్లెళ్లూ ప్రపంచమంతటా చేసిన పని ఇది. వారు దాచినందువల్లే మనకు ఆ మగవారి చరిత్ర ఉంది. వారి సొంత చరిత్రను దాచే చేతులు అంత సులభంగా దొరకలేదు.

*

బొంబాయిలో ఆ తర్వాతి తరం గడప దాటింది. రామారావు చదువుకున్న నాళ్లలో జె.జె. కళాశాలలో బోధించిన మహారాష్ట్ర చిత్రకారుడు ఎం.వి. ధురంధర్ తన కూతురు అంబికకు ఇంట్లోనే పాఠం మొదలుపెట్టి, తర్వాత కళాశాలకే పంపారు. 1931లో ఆమె డిప్లొమా అందుకున్నారు. అక్కడ ఆ పట్టా పొందిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. 2009 దాకా జీవించి, తండ్రి చిత్రాలను కంటికి రెప్పలా కాపాడారు. ఇంటి నుంచి బడికి మారడం అంటే ఏమిటో ఆమె జీవితంలో కనిపిస్తుంది: పేరు మీద ఒక పట్టా, ప్రదర్శనలో సొంత వరస, తండ్రి పేరుతో పాటు తన పేరు.

ఆరేళ్ల తర్వాత అమృతా షేర్-గిల్ అజంతా చూసి దక్షిణాదికి దిగి, 1937లో ‘పెళ్లికూతురి అలంకరణ’ గీసింది. అప్పటికి ఆమె పారిస్‌లో నమూనా తరగతిలో శిక్షణ పూర్తి చేసుకున్న చిత్రకారిణి. శరీరం బరువు, భుజం వాలు, కూర్చున్న మనిషి మౌనం ఆమెకు తెలుసు. ఆ చిత్రాన్ని రామారావు ‘పుష్పాలంకరణ’ పక్కన పెట్టి చూడాలి. ఇద్దరూ అజంతాకు రుణపడ్డారు, ఇద్దరూ ముప్పై ఏళ్లు చూడకుండానే పోయారు. ఒకే వస్తువును ఒక మగవాడూ ఒక ఆడమనిషీ ఎలా చూశారో తెలియడానికి ఆ రెండు చిత్రాలు చాలు. ఒకదాంట్లో అలంకరణ లయగా సాగుతుంది. రెండోదాంట్లో అలంకరించుకుంటున్న మనిషి అలసట కూడా కనిపిస్తుంది. తెలుగు చిత్రకళా విద్యార్థులు ఈ జంటను పాఠంగా చదవాలని గట్టిగా చెప్పవలసి ఉంది.

*

ఇక ఈ ఊరి మాట.

నార్పోలిలో ఉన్న పద్మశాలి కుటుంబాలకు చిత్రకళ పరాయిది కాదు. తెలంగాణలో చేర్యాల నకాషీలు మూరల పొడవున గుడ్డ మీద మార్కండేయ పురాణం పటం వేసేవారు. కూనపులివారు ఆ పటం విప్పి పద్మశాలీల ఎదుట కథ చెప్పేవారు. కుల పురాణాన్ని ముఖాలతో సహా కళ్లారా చూసే భాగ్యం మన పూర్వులకు అలా దక్కింది. ఆ పటానికి గుడ్డ నేసింది మగ్గం. దానికి గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, రంగులు నింపే పనిలో నకాషీ ఇళ్లలో ఆడవారి చేయి ఉంది. గీత గీసింది మగవాడని చెప్పుకున్నంత సులభంగా ఆ చేతుల గురించి చెప్పుకోలేదు.

సాంచాల (మరమగ్గాల) లోకంలోనూ అదే తీరు. కండెలు చుట్టేవారు, తెగిన పోగు ముడి వేసేవారు, గుడ్డలో లోపం పట్టుకునేవారు ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. తాన మీద మిల్లు ముద్ర పడుతుంది, సేఠు పేరు పడుతుంది. చూపు ఉన్న మనిషి పేరు పడదు. ఒక్క పోగు రంగు మారినా దూరం నుంచి పసిగట్టే కన్ను ఉన్నవారు ఈ వాడల్లో వందల మంది ఉన్నారు. ఆ కన్నుకు కాగితం, పెన్సిలు, రోజుకు ఒక గంట దొరకడమే కావలసింది. ఇక్కడి పాఠశాలల్లో తెలుగు, మరాఠీ మాధ్యమాల్లో చదివే పిల్లలకు మహారాష్ట్ర ప్రభుత్వం నడిపే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు ఉన్నాయి. మన ఆడపిల్లలను ఆ పరీక్షలకు కూర్చోబెట్టడం తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ ఏడే చేయగల పని. ఇంటి పాఠం మాత్రమే దొరికిన సత్యవాణి, బుచ్చికృష్ణమ్మలకు లేని అవకాశం అది.

కల్యాణ్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సోలాపూర్, సికింద్రాబాద్ దాటి అది రాజమండ్రి మీదుగానే వెళ్తుంది. ఊరికి, పుష్కరాలకు వెళ్లేవారు అక్కడ దిగి దామెర్ల చిత్రశాల చూడాలి. రామారావు చిత్రాల ముందు నిలబడినంతసేపు ఆ ఇద్దరు స్త్రీల చిత్రాల ముందు కూడా నిలబడాలి. ఒక్కొక్క దాని దగ్గరా అడగవలసినవి అడగాలి: ఇది నీటి రంగా, నూనె రంగా? ఏ ఏడు వేశారు? సంతకం ఉందా? ఉంటే ఏ పేరుతో ఉంది? కూర్చున్న మనిషి ఎవరు, గీసిన మనిషికి ఏమవుతారు? రూపచిత్రానికి ఈ చివరి ప్రశ్నే ప్రాణం. అది తెలిసిన పెద్దలు ఇంకా ఉన్న కుటుంబాల్లో, వారు చెప్పిన పేరును చిత్రం వెనక, అట్ట మీద, తేదీతో రాసి పెట్టాలి. నార్పోలి ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్న పాత బొమ్మల పుస్తకాలకు, అమ్మమ్మలు గీసిన ముగ్గుల నోటుపుస్తకాలకు, అల్లిక నమూనాలకు కూడా ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. ముందుగా గీసిన ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాయాలి. తర్వాత ఊరి పేరు.